డార్విన్ మీద అనుమానముంటే ఇంటెలిజెంట్ డిజైన్ ఒప్పుకున్నట్టేనా?

సిరొంచ ట్యూషన్ అక్క:
మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ. ఇంట్ల తెలుగు, బళ్లె మరాఠీ. పదో తరగతి సైన్స్ రెండో భాగంల మొదటి పాఠమే ‘ఆనువంశికతా వ ఉత్క్రాంతి’, అంటే వంశపారంపర్యం, జీవపరిణామం. నిన్న ఒక పిల్లగాడు ఫోన్ల వీడియో చూపించిండు. బ్యాక్టీరియా తోక మోటారు లెక్క తిరుగుతదట, ఒక్క ముక్క తీసినా ఆగుతదట, అందుకే ఎవరో తయారుచేసిందేనట. దీన్నే ఇంటెలిజెంట్ డిజైన్ అంటరట. “అక్కా, డార్విన్ తప్పైతే ఇదే కరెక్టా?” అన్నడు. మా తాలూకా పోచంపల్లి దగ్గర దొరికిన బారాపాసారస్ అనే డైనోసార్ ఎముకలు కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ మ్యూజియంల నిలబెట్టి ఉన్నయి, భూమి వయసు మీద నాకు అనుమానం లేదు. కానీ మొదటి కణం ఎట్ల పుట్టిందో నాకూ అంతుపట్టదు. పిల్లగానికి ఏం చెప్పాలె?

అంకీస పత్తి రైతు:
అక్కా, మోటారు సంగతి నాకు తెల్వదు, పత్తికాయ తినే గులాబీ పురుగు తెలుసు. పురుగును చంపే విషం తనలనే తయారుచేసుకునే బీటీ పత్తి 2002ల మన దేశానికి వచ్చింది. మొదట్ల కాయ పగులగొడితే లోపల తెల్లగ ఉండె. ఇప్పుడు విచ్చుకోని గుడ్డిపువ్వు రేకలు విప్పితే పురుగే. బీటీ విషానికి చావనియి కొన్ని మిగిలినయి, వాటి సంతానమే చేనంత పాకింది. చేను చుట్టూ వెయ్యమని బీటీ కాని గింజలు చిన్న ప్యాకెట్ల ఇచ్చేటోళ్లు. చావగలిగే పురుగులు కూడా బతికుండి కలిస్తే ఈ మొండితనం తొందరగ పెరగదని. మేం వెయ్యలే. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

చంద్రపూర్ రిటైర్డ్ మాస్టారు:
అమ్మా, డార్విన్‌ను అనుమానించడం, ఇంటెలిజెంట్ డిజైన్‌ను ఒప్పుకోవడం రెండూ వేరు. 1968లో జపాన్ శాస్త్రవేత్త మోటూ కిమూరా అణుస్థాయిలో చాలా మార్పులు ప్రకృతి వరణంతో (పత్తి పురుగుల్లో లాగా తట్టుకున్నవే మిగలడంతో) కాదు, యాదృచ్ఛికంగానే నిలిచిపోతాయన్నాడు. చిన్న అనుమానం కాదది. కానీ లెక్క కట్టి, పరీక్షించే వీలిచ్చాడు. పరిణామశాస్త్రం దాన్ని తనలో కలుపుకుంది. తోక వాదం అమెరికా జీవరసాయన శాస్త్రవేత్త మైకేల్ బీహీ 1996 పుస్తకంలోది. జీవులకు ఉమ్మడి పూర్వీకులున్నారని ఆయనా ఒప్పుకుంటాడు! ఇక ఆ తోక అడుగుభాగం ప్రోటీన్లకు చుట్టాల్లాంటివే ప్లేగు బ్యాక్టీరియాలో మన కణాల్లోకి విషం ఎక్కించే సూదిగా ఉన్నాయి. అంటే కొన్ని ముక్కలే ఉన్నా వేరే పని జరుగుతోంది. 2005లో ఇంటెలిజెంట్ డిజైన్‌ను బడి సైన్స్ క్లాసులోకి తేవడం మీద అమెరికాలో నడిచిన డోవర్ కేసులో బీహీ సాక్ష్యం విన్నాకే జడ్జి ఇది సైన్స్ కాదన్నాడు. అయితే పిల్లాడికి కోర్టు మాట చెప్పకండి. తయారుచేసినవాడు ఎప్పుడు, ఎలా చేశాడు, ఏది దొరికితే ఈ మాట తప్పని ఒప్పుకుంటావు అని అడగండి. డార్విన్ ఓడిపోయినా వాటికి జవాబు దానంతటది రాదు.

సిరొంచ ట్యూషన్ అక్క:
మాస్టారూ, ఆ మూడు ప్రశ్నలు బోర్డు మీద రాస్త. మొదటి కణం గురించి నాకు తెల్వదని కూడా వాళ్లకు చెప్త. అంకీస అన్నా, శనివారం సంతకు వచ్చేటప్పుడు నాలుగు గుడ్డిపూలు తెంపుకరా, పిల్లల ముందట విప్పుదాం.