కళింగపట్నం, శ్రీకూర్మం తీరంలో పరుగు: ఏ దారి, ఏ వేళ?

వంశధార_గట్టు:
అందరికీ నమస్కారం. ఈ మధ్యే బదిలీ మీద గార వైపు వచ్చాను. శ్రీకాకుళంలో ఉన్నప్పుడు ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో పరిగెత్తేవాణ్ణి. ఇక్కడ సముద్రం ఇంత దగ్గర్లో పెట్టుకుని రోడ్డు మీద పరిగెత్తబుద్ధి కావడం లేదు. కళింగపట్నం లైట్‌హౌస్ దగ్గర మొదలుపెడితే ఎటు వెళ్ళడం మంచిది? ఇసుక మీద మోకాళ్ళు దెబ్బతింటాయా? మా ఆవిడ కూడా వస్తానంటోంది, ఆడవాళ్ళకి ఏ వేళ బాగుంటుంది? అలవాటున్నవాళ్ళు చెప్పండి.

బందరువానిపేట_తమ్ముడు:
మాస్టారూ, ఎటు అనేది తర్వాత చూద్దాం, ముందు వేళ సంగతి తెలుసుకోండి. మా ఇళ్ళలో చిన్న పిల్లలకి కూడా పోటు ఎప్పుడో, పాటు ఎప్పుడో తెలుసు. బయటి నుంచి పరుగుకి వచ్చేవాళ్ళు మాత్రం గడియారం ఒక్కటే చూసుకుని వస్తారు. పాటు వేళ నీళ్ళు వెనక్కి తగ్గి తడి ఇసుక వెడల్పుగా, గట్టిగా బయటపడుతుంది. దాని మీద రోడ్డు మీద పరిగెత్తినట్టే పరిగెత్తొచ్చు. పోటు వేళ ఆ గట్టి పట్టీ అంతా నీళ్ళ కింద ఉంటుంది, మీకు మిగిలేది పైనున్న పొడి ఇసుకే. అందులో కాలు దిగబడి పిక్కలు పట్టేస్తాయి.

పోటు రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అంటే ఈ ఆదివారం పొద్దున్న ఆరింటికి పాటు ఉంటే వచ్చే ఆదివారం అదే ఆరింటికి పోటు ఉంటుంది. ఆ పై ఆదివారానికి మళ్ళీ పాటు. అమావాస్యకి, పున్నానికి నీళ్ళు బాగా పైకొస్తాయి, బాగా కిందకీ పోతాయి. అష్టమి దగ్గర అంత తేడా ఉండదు. కాబట్టి ఒక వారం బీచ్, ఒక వారం రోడ్డు అనుకుంటే ఇబ్బందే లేదు. ఫోన్లో పోటుపాట్ల పట్టిక దొరుకుతుంది. అదీ లేకపోతే పడవ దగ్గర ఉన్న ఏ పెద్దాయన్ని అడిగినా చెప్తారు.

ఇక దారి. లైట్‌హౌస్ నుంచి ఉత్తరం వైపు ఎక్కువ దూరం లేదు, వంశధార మొగ, అంటే నది సముద్రంలో కలిసే చోటు, వచ్చేస్తుంది. మొగ దగ్గర ఇసుక మేటలు వరద వచ్చినప్పుడల్లా చోటు మారుతుంటాయి, నిన్న గట్టిగా ఉన్నచోట ఇవాళ మోకాలి లోతు దిగబడొచ్చు. అక్కడ నీళ్ళలో దిగి దాటే ఆలోచన అసలు పెట్టుకోకండి. దక్షిణం వైపు మా ఊరి మీదుగా శ్రీకూర్మం మత్స్యలేశం వైపు వెళ్తే తీరం పొడవుగా దొరుకుతుంది.

ఒక్క జాగ్రత్త. అలివి వల, అంటే ఒడ్డు నుంచి లాగే పెద్ద వల, లాగుతుంటే రెండు తాళ్ళు నీళ్ళలోంచి ఒడ్డు మీదికి అడ్డంగా వస్తాయి. దూరం నుంచి తాడు ఇసుక రంగులోనే ఉంటుంది, కనబడదు. బిగుసుకుని ఉన్న తాడు కాలికి తగిలితే బోర్లా పడతారు. లాగేవాళ్ళ వెనక నుంచి చుట్టూ తిరిగి వెళ్ళండి. తీరిక ఉంటే ఒక చెయ్యి వేసి తాడు లాగండి, మావాళ్ళు చాలా సంతోషిస్తారు.

అరసవల్లి_అక్క:
తమ్ముడు చెప్పింది బంగారంలాంటి మాట. మోకాళ్ళ గురించి నేను చెప్తాను. ఇసుక మెత్తగా ఉంటుంది కాబట్టి కీళ్ళకి మంచిదని అందరూ అనుకుంటారు. అసలు ఇబ్బంది వాలుతో. తీరం సముద్రం వైపు వాలి ఉంటుంది కదా, ఒకే దిక్కుకి పరిగెత్తితే ఒక కాలు ఎప్పుడూ కిందనే పడుతుంది. దక్షిణానికి వెళ్ళేటప్పుడు సముద్రం ఎడమ పక్క ఉంటుంది, ఆ ఎడమ కాలు, ఆ వైపు నడుము ఎక్కువ శ్రమ పడతాయి. అందుకే ఎంత దూరం వెళ్తే అంత దూరం అదే దారిలో వెనక్కి రావాలి. ఒకవైపు పరిగెత్తి ఆటోలో ఇంటికి వచ్చే పద్ధతి వద్దు. పాటు వేళ వాలు కూడా తక్కువ ఉంటుంది.

చెప్పుల్లేకుండా పరిగెత్తాలని చాలామందికి సరదా. ఊళ్ళ ముందు చేపల ముళ్ళు, తెగిన గాలాలు ఉంటాయి. కార్తీకమాసం పిక్నిక్‌ల తర్వాత లైట్‌హౌస్ దగ్గర సీసా పెంకులు ఇసుకలో కూరుకుపోయి ఉంటాయి. జెల్ల చేప ముల్లు గుచ్చుకుంటే ఆ నొప్పి భరించలేం. పాత బూట్లు వేసుకోండి, ఉప్పు నీటికి కొత్తవి పాడైపోతాయి.

మీ ఆవిడని తప్పకుండా తీసుకురండి మాస్టారూ. తెల్లవారాక, పడవలు ఒడ్డుకి వచ్చి చేపల బేరం జరిగే వేళకి రండి. గంపలతో ఆడవాళ్ళు చాలామంది ఉంటారు, మనకీ ధైర్యంగా ఉంటుంది. మేం ఇద్దరు ముగ్గురం కలిసే వెళ్తాం. మొదట్లో వింతగా చూసేవారు, ఇప్పుడు కనబడకపోతే ఏమ్మా రాలేదేం అని అడుగుతున్నారు. చీకట్లో మాత్రం వద్దు.

పొలాకి_కుర్రాడు:
అన్నలూ, అక్కలూ, నేను కానిస్టేబుల్‌కీ అగ్నివీర్‌కీ రెండింటికీ ప్రిపేర్ అవుతున్నాను. కానిస్టేబుల్‌కి 1600 మీటర్లు 8 నిమిషాల్లో అయిపోతుంది, దానికి టెన్షన్ లేదు. అగ్నివీర్‌లో పూర్తి మార్కులు రావాలంటే 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలో అవ్వాలి. బీచ్‌లో ప్రాక్టీస్ చేస్తే స్పీడ్ పెరుగుతుందా?

మాజీ_సుబేదార్:
బాబూ, బీచ్ నీకు బలం ఇస్తుంది, స్పీడు గ్రౌండే ఇవ్వాలి. పొడి ఇసుకలో కాలు వెనక్కి జారుతుంది, అక్కడే రోజూ పరిగెత్తితే అడుగు పొట్టిదైపోతుంది. వారంలో రెండు రోజులు 400 మీటర్ల రౌండ్లు గ్రౌండులోనే కొట్టు. 5.30కి రావాలంటే రౌండుకి 82 సెకన్లు పడాలి. ముందు ఒక్క రౌండు ఆ లెక్కన కొట్టి, రెండు నిమిషాలు నడిచి, మళ్ళీ కొట్టు. అలా నాలుగు వచ్చాక మధ్యలో నడక తగ్గించుకుంటూ పో. ఇంకో రోజు తడి ఇసుక మీద నెమ్మదిగా పెద్ద పరుగు. పొడి ఇసుకలో పది పదిహేను చిన్న స్ప్రింట్లు చాలు, అవీ వారానికి ఒక్కసారే.

కొండ ఎక్కి దిగడం కూడా అలవాటు చేసుకో. శాలిహుండం కొండ మీకు దగ్గరే. కింద నుంచి స్థూపాల దాకా ఎక్కి, నడుస్తూ దిగు. అది రక్షిత కట్టడం, పాత ఇటుకల మీద కాలు వెయ్యకుండా దారిలోనే వెళ్ళు. మన జిల్లా పిల్లలకి ఊపిరి తక్కువేం కాదు. మన ఆమదాలవలస పక్క ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ నుంచి ఒలింపిక్ పతకం తెచ్చింది. సెలక్షన్ ముందు వారం మాత్రం ఇసుక జోలికి పోకు.

చింతపల్లి_గాలి:
విజయనగరం వైపు వాళ్ళం కూడా ఉన్నాం! మామూలు రోజుల్లో అయోధ్య మైదానం, సెలవు రోజు పూసపాటిరేగ మీదుగా చింతపల్లి. అక్కడా లైట్‌హౌస్ ఉంది, సరుగుడు తోటల నీడ ఉంది. అక్కడక్కడ రాళ్ళు పైకి తేలి ఉంటాయి, నాచు పట్టి జారతాయి, అక్కడ నడవండి చాలు. కోనాడ వైపు చంపావతి మొగ దగ్గర కూడా మన తమ్ముడు చెప్పిన జాగ్రత్తే. భోగాపురం వైపు ఎయిర్‌పోర్టు పనులు మొదలైనప్పటి నుంచి లారీలు పెరిగాయి, తెల్లవారుజామున ఆ రోడ్ల మీద నేను పరిగెత్తను.

తాబేలు_నేస్తం:
చిన్న మనవి. జనవరి నుంచి మార్చి దాకా మన తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రిపూట గుడ్లు పెట్టడానికి వస్తాయి. తెల్లారి పరిగెత్తేవాళ్ళకి వాటి జాడ ముందు కనబడుతుంది. నీళ్ళలోంచి పైకి, మళ్ళీ కిందకి, రెండు పక్కలా రెక్కల గుర్తులతో వెడల్పాటి చార ఉంటుంది. చార చివర తవ్వి పూడ్చినట్టున్న ఇసుకని తొక్కకండి, గూడు అదే. దగ్గర్లో తాబేలు గుడ్లని కాపాడే హేచరీ ఉంటే అక్కడివాళ్ళకి, లేకపోతే అటవీశాఖకి చెప్పండి. ఆ నెలల్లోనూ, పిల్లలు బయటికొచ్చే తర్వాతి రెండు నెలల్లోనూ తల లైటు వద్దు. గుడ్లు పొదగడానికి నెలన్నర నుంచి రెండు నెలలు పడుతుంది. పిల్లలు బయటికొచ్చాక వెలుతురున్న వైపే సముద్రం అనుకుని పాకుతాయి, మన లైటు చూసి దారి తప్పుతాయి. తడి ఇసుక మీద పరిగెత్తితే గూళ్ళకి ఏ ఇబ్బందీ లేదు, అవి పైన పొడి ఇసుకలో ఉంటాయి.

వంశధార_గట్టు:
ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ చాలా థ్యాంక్స్. ఇంకో రెండు సందేహాలు. కుక్కల సంగతేమిటి? వేసవిలో పరిగెత్తొచ్చా?

అరసవల్లి_అక్క:
ఎండు చేపలు ఆరబెట్టే చోట కుక్కలు గుంపుగా ఉంటాయి. అక్కడికి రాకముందే పరుగు ఆపి నడవండి. పరిగెత్తేవాళ్ళనే తరుముతాయి. ఎప్పుడైనా పన్ను గీరుకున్నా సరే, సబ్బుతో పారే నీళ్ళ కింద పావుగంట కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళి ఇంజెక్షన్ వేయించుకోండి. పసుపు, సున్నం లాంటివి రాయకండి.

బందరువానిపేట_తమ్ముడు:
వేసవిలో ఏడింటికల్లా ముగించండి మాస్టారూ. మన దగ్గర ఉక్కకి చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. గాలి కూడా దక్షిణం నుంచి వస్తుంది. వెళ్ళేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనక గాలి. వచ్చేటప్పుడు హాయిగానే ఉంటుంది గానీ ఒంటికి గాలి తగలక వేడెక్కిపోతారు, కాబట్టి తిరుగు ప్రయాణంలో నెమ్మదించండి. పరిగెత్తాక ఉప్పు వేసిన చోడి (రాగి) అంబలి తాగండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి, వలలు పరిచి బాగుచేస్తుంటారు. ఊరి ముందు చోటు ఇరుకు, వల మీద కాలు పడకుండా ఒడ్డు పై వైపు నుంచి చుట్టూ తిరిగి వెళ్ళండి. తుపాను టైములో, సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్ళు పెద్ద కెరటాల హెచ్చరిక ఇచ్చిన రోజుల్లో బీచ్‌కి రావద్దు, రోడ్డు మీద పరిగెత్తుకోండి.

ఈ ఆదివారం పొద్దున్న పాటు ఉంది. లైట్‌హౌస్ దగ్గర నేనూ మా అన్నయ్యా ఉంటాం, మీరిద్దరూ వచ్చేయండి. పొలాకి తమ్ముడూ, నువ్వు కూడా రా.