బేలర్ యూనివర్సిటీ సంగతి చదివాక భయమేస్తోంది

లక్ష్మి: మా అమ్మాయి టెక్సస్‌లో కాలేజీలో చేరుతోంది. శనివారమైతే ఊరు ఊరంతా ఫుట్‌బాల్ స్టేడియంలోనే. స్టార్ ఆటగాడి మీద ఓ అమ్మాయి లైంగిక దాడి ఫిర్యాదు చేస్తే అక్కడ పట్టించుకుంటారా?

రమేష్: టెక్సస్‌లోనే ఉన్న బేలర్‌లో పట్టించుకోలేదండీ. 2016లో బయటపడిందేంటంటే, ఫుట్‌బాల్ సిబ్బంది బాధితురాలిని, ఆమె తల్లిదండ్రులను స్వయంగా కలిసి కూడా యూనివర్సిటీ అధికారులకు చెప్పలేదు. జట్టుకు రూల్స్ వర్తించవన్న ధీమా! కోచ్ ఆర్ట్ బ్రైల్స్‌ను తీసేశారు, యూనివర్సిటీ అధ్యక్షుడు కెన్ స్టార్ పదవి పోయింది. అమ్మాయిల చదువులు మాత్రం అప్పటికే చెదిరిపోయాయి.

సునీత: 2020 నుంచి టెక్సస్‌లో చట్టం మారింది లక్ష్మిగారూ. కోచ్ అయినా సరే, తెలిసిన విషయం టైటిల్ నైన్ కోఆర్డినేటర్‌కు, అంటే కాలేజీలో ఇలాంటి ఫిర్యాదులు చూసే అధికారికి, చెప్పాల్సిందే. కావాలని దాస్తే నేరం, ఉద్యోగం ఊడుతుంది. ఆ నంబరు పాప ఫోన్‌లో ఇప్పుడే వేయించండి. "ఏం జరిగినా ముందు నాకు ఫోన్ చెయ్, తిట్టను" అని చెప్పండి.