టెక్సస్ ఎర్లీ కాలేజ్ హైస్కూల్: 60 క్రెడిట్లతో నిజంగా రెండేళ్లు మిగులుతాయా?

ప్లేనో అమ్మ: ఎనిమిదో తరగతి బాబు, ఇంజినీరింగ్ ఆశ. ఎర్లీ కాలేజ్ హైస్కూల్లో చేరితే హైస్కూల్ డిప్లొమాతో పాటే 60 కాలేజీ క్రెడిట్లు, అసోసియేట్ డిగ్రీ (రెండేళ్ల కాలేజీ డిగ్రీ), ఫీజూ పుస్తకాలూ ఉచితం అంటున్నారు. దరఖాస్తు వేయమంటారా?

గోదారోడు: వెంటనే వేసేయండి. 42 గంటల (అంటే 42 క్రెడిట్ల) కోర్, అంటే అందరూ చదవాల్సిన సాధారణ కోర్సులు, పూర్తిచేస్తే టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీలు దాన్ని గంపగుత్తగా తీసుకోవాల్సిందే, చట్టం ఉంది. రెండేళ్లు మిగిలినట్టే.

క్రెడిట్ లెక్క: బదిలీ కావడం వేరు, డిగ్రీలో లెక్కకు రావడం వేరండీ. కోర్సు నంబర్లు చూడండి. మొదటి అంకె ఏ ఏడాది స్థాయో చెబుతుంది, రెండోది ఎన్ని క్రెడిట్లో. మ్యాథ్ 1314 అంటే కాలేజ్ ఆల్జీబ్రా. ఇంజినీరింగ్‌కు మొదటి మెట్టు మ్యాథ్ 2413, కాల్‌క్యులస్. అదయ్యాకే కాల్‌క్యులస్ 2, ఆపైన డిఫరెన్షియల్ ఈక్వేషన్స్. ఫిజిక్స్ కూడా కాల్‌క్యులస్‌తోనే ముడి. చరిత్ర, గవర్నమెంట్, ఇంగ్లీష్ ముందే అయిపోయినా ఆ గొలుసు పొడవు తగ్గదు.

గోదారోడు: చట్టంలో గంపగుత్త అని ఉందా లేదా? అది చెప్పండి.

క్రెడిట్ లెక్క: ఉంది, 42కి. మిగతా 18కి ఆ నియమం వర్తించదు. 39 దగ్గర ఆగితే ఒక్కో కోర్సుగానే చూస్తారు. ప్రైవేటు యూనివర్సిటీలకూ, పక్క రాష్ట్రాలకూ ఆ చట్టం వర్తించదు.

పల్నాటి పిల్ల: గ్రేడ్ల మాట ఎవరూ ఎత్తరేం? పదిహేనేళ్లకు తెచ్చుకున్న సి గ్రేడు కాలేజీ ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఉండిపోతుంది. రేపు మెడిసిన్‌కు దరఖాస్తు చేస్తే జీపీఏలో అదీ కలుస్తుంది. 16 వారాల సెమిస్టర్‌లో కాలేజీ తరగతులు నడిచే 12వ రోజు దాటాక కోర్సు మానేస్తే ట్రాన్‌స్క్రిప్ట్‌లో డబ్ల్యూ (విత్‌డ్రా, మధ్యలో మానేసినట్టు గుర్తు) పడుతుంది.

గోదారోడు: భయపెట్టకండి. హెచ్-4 (హెచ్-1బి ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) పిల్లలకు కాలేజీ ఫీజుకు ఫెడరల్ సాయం రాదు, 21 నిండితే డిపెండెంట్ హోదా పోతుంది. ఈలోపు డిగ్రీ చేతికి రావాలంటే ఇదే దారి.

క్రెడిట్ లెక్క: ఇప్పుడు అసలు మాట బయటికొచ్చింది. 2002లో గేట్స్ ఫౌండేషన్ డబ్బుతో ఈ బళ్లు ఊపందుకున్నది ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కే పిల్లల కోసం. ప్రవేశ పరీక్ష లేకుండా లాటరీ పెట్టిందీ అందుకే. తల్లిదండ్రులిద్దరూ ఎంఎస్ చేసిన ఇంటి పిల్లాడికి ఆ సీటు ఎందుకు?

గోదారోడు: ఈ బళ్లకు వెళ్లే ప్రాపర్టీ ట్యాక్స్ మేమూ కడుతున్నాం. 21వ పుట్టినరోజు గడువుగా ఉన్నవాడి అవసరం అవసరం కాదా?

క్రెడిట్ లెక్క: అవసరమే. అది మామూలు హైస్కూల్లో డ్యూయల్ క్రెడిట్‌తో (హైస్కూల్‌కూ కాలేజీకీ రెండింటికీ లెక్కకొచ్చే కోర్సులు), ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, కాలేజీ స్థాయి కోర్సు, పరీక్ష) కాల్‌క్యులస్ బీసీతో తీరుతుంది. ఏపీ పరీక్షలో స్కోరు తక్కువొస్తే పంపకుండా ఊరుకోవచ్చు, కాలేజీ గ్రేడు దాచలేం. ఫీజు కట్టలేని ఇంటి పిల్లకు రెండో దారి ఎక్కడుంది?

ప్లేనో అమ్మ: నేను అడిగింది వేయాలా వద్దా అని.

క్రెడిట్ లెక్క: చేరాలనుకునే యూనివర్సిటీ డిగ్రీ ప్లాన్ ముందు పెట్టుకుని, ఈ స్కూల్ చెప్పే కోర్సు నంబర్లు ఒక్కొక్కటీ సరిపోల్చండమ్మా. 2413 లేకపోతే మీకు మిగిలేది రెండేళ్లు కాదు, మహా అయితే ఏడాది.

గోదారోడు: 2413 ఉండి, లాటరీలో పేరూ వస్తే? వదులుకోమంటారా?

క్రెడిట్ లెక్క: వదులుకోమనే అంటాను.