మలేరియా మోడల్‌లో రాష్ట్ర సరిహద్దును ఎలా చూపించాలి?

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని రాయగడ. ఈ జిల్లా బ్లాకుల్లో (ఆంధ్రలో మండలాల్లాంటివి) నెలవారీ మలేరియా కేసులను అంచనా వేసే గణాంక మోడల్ కడుతున్నాను. కేసుల వేరియన్స్ (అంకెల చెదురు) సగటును బాగా మించిపోవడంతో, ఆ రెండూ సమానమనుకునే పాయిజాన్ పంపిణీని వదిలి, ఎక్కువ చెదురుకు చోటిచ్చే నెగటివ్ బైనామియల్ తీసుకున్నాను. దోమ ఒంట్లో ఫాల్సిపారం అనే మలేరియా పరాన్నజీవి పెరగడానికి, తర్వాత మనిషిలో జ్వరం బయటపడడానికి వారాలు పడుతుంది కాబట్టి వర్షపాతాన్ని ఒకటి రెండు నెలల లాగ్‌తో, అంటే అంత ముందటి వాన లెక్కతో, ఇచ్చాను.

చిక్కంతా పొరుగు మ్యాట్రిక్స్‌తోనే, అంటే ఏ ప్రాంతానికి ఏది పొరుగో చెప్పే పట్టికతోనే. గుణుపూర్ వైపు సరిహద్దు దాటితే పార్వతీపురం మన్యం జిల్లా. సంతలకీ, చుట్టాలిళ్లకీ జనం అటూ ఇటూ తిరుగుతూనే ఉంటారు. అవతలి మండలాలను వదిలేస్తే అంచు బ్లాకుల అంచనాలు తప్పుతాయని నా భయం. కానీ నా దగ్గరున్న అక్కడి లెక్కలు పీహెచ్‌సీల వారీగా, ఇక్కడివి బ్లాకుల వారీగా ఉన్నాయి. రెండింటినీ ఒకే సీఏఆర్ మోడల్‌లో (పొరుగు ప్రాంతాల అంచనాలను ఒకదానితో ఒకటి ముడిపెట్టే మోడల్) కలపడం ఎలా? ఇలాంటి పని చేసినవాళ్లు దయచేసి దారి చూపండి. వానలు మొదలయ్యేలోపు ఏ ఊళ్లకు ముందు దోమతెరలు చేరాలో చెప్పగలగాలని నా ఆశ.