రికార్డులు వినడానికి స్టీరియో సెట్: సౌండ్ గుసగుసలా వస్తోంది, ఏం తక్కువైంది?

కొత్త శ్రోత:
అందరికీ నమస్కారం. మా మామయ్య తన పాత టర్న్‌టేబుల్ నాకిచ్చారు. బెల్ట్‌తో తిరిగే రకం. వెనక నుంచి ఎరుపు, తెలుపు పిన్నులున్న కేబుల్, దాంతో పాటు సన్నటి పచ్చ తీగ ఒకటి వస్తున్నాయి. ఇంట్లో కంప్యూటర్‌కి వాడే పవర్డ్ స్పీకర్లు ఉంటే వాటికే కలిపాను. పాట వినబడుతోంది గానీ వాల్యూమ్ మొత్తం తిప్పినా గుసగుసలాగే ఉంది. బేస్ అసలు లేదు. టర్న్‌టేబుల్ పోయిందంటారా, స్పీకర్లు మార్చాలంటారా? గది చిన్నదే. ఒకేసారి అన్నీ కొనే ఉద్దేశం లేదు, ఒక్కొక్కటిగా కూర్చుకుంటాను.

ముల్లు మేస్త్రి:
రెండూ బాగానే ఉన్నట్టున్నాయండి. మధ్యలో ఉండాల్సిన ఫోనో ప్రీఆంప్, అంటే టర్న్‌టేబుల్ సిగ్నల్‌ని పెంచి సరిచేసే చిన్న పెట్టె లేదు, అంతే.

మీరు చెప్పిన రెండు లక్షణాలకీ కారణం అదే. సూదిని పట్టి ఉంచి, దాని కదలికని సిగ్నల్‌గా మార్చే భాగాన్ని కార్ట్రిడ్జ్ అంటారు. మూవింగ్ మాగ్నెట్ (ఎంఎం) కార్ట్రిడ్జ్ నుంచి వచ్చేది 3 నుంచి 5 మిల్లీవోల్టుల సిగ్నల్. సీడీ ప్లేయర్ 2 వోల్టుల దాకా ఇస్తుంది. మీ స్పీకర్లు అలాంటి సిగ్నల్ కోసం చేసినవి కాబట్టి గుసగుసే వస్తుంది. ఇక బేస్ సంగతి. రికార్డు కోసేటప్పుడే బేస్ తగ్గించి, ట్రెబుల్ పెంచి కోస్తారు. బేస్‌ని ఉన్నదున్నట్టు కోస్తే గాడి అటూ ఇటూ మరీ వెడల్పుగా ఊగుతుంది, ఒక వైపు పట్టే నిడివి బాగా తగ్గిపోతుంది. ట్రెబుల్ ఎందుకు పెంచుతారంటే, వినేటప్పుడు దాన్ని మళ్లీ తగ్గిస్తాం కదా, దాంతో పాటే గాడి గరగర కూడా తగ్గుతుంది. ఎంత తగ్గించాలి, ఎంత పెంచాలి అన్నదానికి 1954లో ఆర్‌ఐఏఏ కర్వ్ అని ఒక ప్రమాణం వచ్చింది. 1000 హెర్ట్జ్‌తో పోల్చి చూస్తే, 20 హెర్ట్జ్ దగ్గర సుమారు 20 డెసిబెల్స్ తగ్గించి, 20,000 హెర్ట్జ్ దగ్గర అంతే పెంచి కోస్తారు. ఫోనో ప్రీఆంప్ సిగ్నల్‌ని 40 డెసిబెల్స్ దాకా పెంచుతూ, ఈ కర్వ్‌ని తిరగేస్తుంది. అందుకే దాని బదులు మైక్ ఆంప్లిఫయర్ పెడితే సౌండ్ పెరుగుతుంది గానీ పాట పాటలా ఉండదు.

కొనే ముందు టర్న్‌టేబుల్ వెనక 'ఫోనో / లైన్' అని స్విచ్ ఉందేమో చూడండి. ఉంటే ప్రీఆంప్ లోపలే ఉన్నట్టు, లైన్ వైపు జరిపితే సరిపోతుంది.

కొత్త శ్రోత:
అలాంటి స్విచ్ ఏదీ లేదండి. ప్రీఆంప్ విడిగా తీసుకుంటాను. దానికీ మళ్లీ రకాలుంటాయా? ఆ పచ్చ తీగ దేనికి?

ముల్లు మేస్త్రి:
ఎంఎం అని రాసి ఉన్నది చాలు. ఎంసీ, అంటే మూవింగ్ కాయిల్ కార్ట్రిడ్జ్‌లలో ఎక్కువ భాగం అర మిల్లీవోల్టు కూడా ఇవ్వవు, వాటి సిగ్నల్‌ని 60 డెసిబెల్స్ దాకా పెంచాలి. అవి ఇప్పుడే వద్దు. ఎంఎంకి 47 కిలో ఓమ్‌ల లోడ్ ఉండాలి, మామూలు ప్రీఆంప్‌లన్నీ అంతే ఇస్తాయి. పచ్చ తీగ గ్రౌండ్. ప్రీఆంప్ వెనక చిన్న మర ఉంటుంది, దాని కింద బిగించండి. వదిలేస్తే పాట వెనకాల గుయ్‌మని ఒకటే మోత.

డబ్బా సౌండ్:
ఒక ముక్క కలుపుతాను. రేపెప్పుడైనా ఆంప్లిఫయర్ కొంటే, పాత రకం రిసీవర్లలో చాలావాటికి ఫోనో ఇన్‌పుట్ ఉంటుంది. అప్పుడు టర్న్‌టేబుల్ తీగలు నేరుగా అందులోనే పెట్టాలి. విడి ప్రీఆంప్‌లో నుంచి తెచ్చి మళ్లీ ఫోనోలో పెట్టారో, సౌండ్ పగిలిపోతుంది. ప్రీఆంప్ ఒక్కసారే!

ఇక నా మాట వింటే ముందు డబ్బు స్పీకర్ల మీద పెట్టండి. ఇంకే భాగం మార్చినా అంత తేడా కనబడదు. చిన్న గదికి బుక్‌షెల్ఫ్ స్పీకర్లు బాగా సరిపోతాయి.

ముల్లు మేస్త్రి:
అక్కడ నేను ఒప్పుకోను. ముందు సూది. అరిగిన సూదితో మంచి స్పీకర్లలో వింటే అరుగుదలే ఇంకా స్పష్టంగా వినబడుతుంది, పైగా రికార్డులు పాడవుతాయి. స్పీకర్లు ఎప్పుడైనా మార్చుకోవచ్చు, చెడిన గాడిని ఎవరూ బాగుచేయలేరు.

కొత్త శ్రోత:
ప్రీఆంప్ వచ్చింది. పెట్టగానే సౌండ్ నిండుగా వచ్చేసింది, చాలా థాంక్సండీ. గుయ్‌మనే మోత కూడా లేదు. ఇంకో రెండు సమస్యలు మాత్రం మిగిలాయి. వాల్యూమ్ సగం దాటితే కింది నుంచి 'భోం'మని ఒక శబ్దం మొదలై పెరుగుతూ పోతోంది. ప్రతి రికార్డులోనూ చివరి పాటకొచ్చేసరికి 'స', 'ష' దగ్గర గొంతు చిరిగినట్టు ఉంటోంది. మొదటి పాట శుభ్రంగా ఉంది.

డబ్బా సౌండ్:
స్పీకర్లు, టర్న్‌టేబుల్ ఒకే బల్ల మీద ఉన్నాయి కదూ? స్పీకర్ అదురు బల్లకి, బల్ల నుంచి సూదికి, సూది నుంచి మళ్లీ స్పీకర్‌కి వెళ్తోంది. స్పీకర్లను స్టాండ్ల మీదకో, వేరే అల్మరా మీదకో మార్చండి. టర్న్‌టేబుల్‌ని బరువైన బల్ల మీదో, గోడకి గట్టిగా కొట్టిన పలక మీదో పెట్టి, స్పిరిట్ లెవెల్‌తో మట్టం చూడండి. ఎలాగూ జరుపుతున్నారు కాబట్టి, స్పీకర్ల మధ్య ఎంత దూరమో మీరు కూర్చునే చోటికి అవి అంతే దూరంలో ఉండేలా చూసుకోండి. ట్వీటర్లు, అంటే స్పీకర్లో ట్రెబుల్ పలికే చిన్న భాగాలు, చెవి ఎత్తులో ఉండాలి. మూలకి నెడితే బేస్ ఉబ్బుతుంది.

ముల్లు మేస్త్రి:
చివరి పాట సంగతి కొంచెం ఓపిగ్గా చూడాలి. 33⅓ ఆర్‌పీఎం ఎల్పీలో బయటి అంచున సూది కింద గాడి సెకనుకి సుమారు 50 సెంటీమీటర్లు కదిలితే, లోపలి చివర 20 చిల్లరే కదులుతుంది. అదే సెకను సంగీతం సగానికంటే తక్కువ జాగాలో ఇరుక్కుంటుంది. కాబట్టి కొద్దిపాటి తేడా ఏ సెట్‌లోనైనా ఉంటుంది. మీరు చెప్పినంత ఉండకూడదు.

ముందు ట్రాకింగ్ ఫోర్స్, అంటే సూది గాడి మీద మోపే బరువు చూడండి. సూది విరక్కుండా జాగ్రత్తగా, యాంటీ స్కేట్‌ని (ఆర్మ్ మధ్యలోకి లాక్కుపోకుండా ఆపే సర్దుబాటు) సున్నాలో పెట్టి, సూదిని మోసే ఆర్మ్ వెనకున్న బరువుని తిప్పుతూ ఆర్మ్ గాల్లో మట్టంగా తేలేలా చేయండి. అప్పుడు బరువుని కదపకుండా దాని మీది అంకెల చక్రాన్ని మాత్రం సున్నాకి తెచ్చి, తర్వాత మొత్తం కలిపి తిప్పుతూ మీ కార్ట్రిడ్జ్‌కి చెప్పిన గ్రాముల దగ్గర ఆపండి. యాంటీ స్కేట్ కూడా అదే అంకెకి పెట్టండి. ఉదాహరణకి ఆడియో-టెక్నికా వీఎం95ఈకి 2 గ్రాములు, ఆర్టోఫోన్ 2ఎం రెడ్‌కి 1.8 గ్రాములు. మీదే మోడలో ముందు చూడండి.

కొత్త శ్రోత:
మీరన్న ఆడియో-టెక్నికాయే. చక్రం మీద 1.25 చూపిస్తోంది! తేలిగ్గా ఉంటే రికార్డు అరగదని మామయ్య తగ్గించి పెట్టారట.

ముల్లు మేస్త్రి:
చాలామంది అలాగే అనుకుంటారు, నిజానికి జరిగేది తలకిందులు. బరువు చాలకపోతే సూది గాడి గోడల్ని పట్టుకోలేక ఎగిరి ఎగిరి పడుతుంది. ఆ చిరిగిన శబ్దం అదే, గాడి దెబ్బతినేదీ అప్పుడే. 2కి పెట్టండి. అప్పటికీ తగ్గకపోతే ప్రొట్రాక్టర్ కాగితం (కోణం చూసే గీతలున్న కాగితం) మీద కార్ట్రిడ్జ్ కోణం సరిచూడాలి, అదీ కాకపోతే సూది అరిగినట్టే. మామూలు ఎలిప్టికల్ (కోడిగుడ్డు ఆకారపు మొన ఉన్న) సూది కొన్ని వందల గంటల వాడకం తర్వాత మార్చాలి. వీఎం95లో ఆ సూది ఒక్కటే లాగేసి కొత్తది తొడగొచ్చు, అదే సిరీస్‌లోని మైక్రోలీనియర్ సూదైనా సరే.

కొత్త శ్రోత:
2కి పెట్టాక చాలావరకు పోయింది. స్పీకర్లు జరిపాక 'భోం' కూడా లేదు. ఒక్క రికార్డులో మాత్రం చిరుగు ఇంకా ఉంది.

ముల్లు మేస్త్రి:
ఒక్కదాంట్లోనే అంటే ఆ గాడి ఎప్పుడో దెబ్బతిని ఉంటుంది. ముందు ఒకసారి కడిగి చూడండి, మురికి వల్ల కూడా అలా వస్తుంది. డిస్టిల్డ్ వాటర్‌తో, మెత్తటి బ్రష్‌తో, గాడి తిరిగిన దారినే తుడవాలి. మధ్యలో లేబుల్ తడవకూడదు. పూర్తిగా ఆరాకే పెట్టండి.

తిరిగే పళ్లెం:
మధ్యలో వస్తున్నందుకు క్షమించాలి. మా ఇంట్లో 78 ఆర్‌పీఎం రికార్డులు కొన్ని ఉన్నాయి. ఇదే సెట్ మీద వినొచ్చా? కడగడం ఇలాగేనా?

ముల్లు మేస్త్రి:
టర్న్‌టేబుల్‌కి 78 వేగం ఉంటే వినొచ్చు గానీ ఈ సూదితో కాదు. 78 గాడి చాలా వెడల్పు, దానికి 3 మిల్, అంటే 76 మైక్రాన్ల సూది కావాలి. ఎల్పీ సూది అడుగున పడి కొట్టుకుంటుంది. వీఎం95 సిరీస్‌లో 78 కోసం విడిగా సూది ఉంది, అదే బాడీకి తొడుక్కోవచ్చు, బరువు మాత్రం దాని లెక్క ప్రకారం మార్చాలి. కడిగేటప్పుడు ఆల్కహాల్ ఉన్న ద్రావణం అసలు వాడకండి. 78లలో ఎక్కువ భాగం షెల్లాక్ (లక్క)తో చేసినవి, అది ఆల్కహాల్‌లో కరిగిపోతుంది.