‘మే వెల్ బి డిఫికల్ట్’: ఇందులో ‘వెల్’ దేనికి చెందుతుంది?

‘ద రిపేర్ మే వెల్ బి డిఫికల్ట్’ అన్న వాక్యాన్ని ‘మరమ్మతు బాగా కష్టం కావచ్చు’ అని తెనిగించడం సరైనదేనా అని ఒక సభ్యులు నిన్న అడిగారు. సరికాదని నా అభిప్రాయం. తెలుగులో ‘బాగా’ వెళ్లి ‘కష్టం’ మీద పడి, కష్టం ఎంతటిదో చెబుతుంది. ఇంగ్లీషులోని ‘వెల్’ కష్టం జోలికే పోదు. ‘మే’ అనే సహాయక క్రియను ఆనుకుని, కష్టం ఎదురయ్యే అవకాశాన్ని పెంచుతుంది. ‘మే వెల్ బి ఎ లిటిల్ డిఫికల్ట్’ అని రాసి చూడండి, వాక్యం ఏమాత్రం చెడదు. కష్టం కొంచెమే, దాని సంభావ్యత మాత్రం ఎక్కువ. అదే తెలుగులో ‘బాగా కొంచెం కష్టం కావచ్చు’ అంటే అర్థమే ఉండదు.

ఒక్క ‘మే’ వాడితే కష్టం కావచ్చు, కాకపోనూవచ్చు; ‘వెల్’ చేరినప్పుడు, అలా అనుకోవడానికి తన దగ్గర తగిన కారణం ఉందని వక్త సూచిస్తున్నట్టు. ఈ ‘వెల్’ ‘మే’, ‘మైట్’, ‘కుడ్’లతో చక్కగా కలుస్తుంది గానీ ‘విల్’తో కలవదు, ఎందుకంటే ‘విల్’ అన్నాక సంభావ్యతను పెంచడానికి చోటు మిగలదు. అక్కడ నిశ్చయాన్ని కాస్త తగ్గించే ‘ప్రాబబ్లీ’ ఇముడుతుంది.

‘కుడ్ ఈజిలీ ప్రూవ్ డిఫికల్ట్’ అన్న ప్రయోగం ఇంకా ఆసక్తికరమైనది. మాటకు మాట పెడితే ‘సులభంగా కష్టమని తేలవచ్చు’ అన్న వింత వాక్యం వస్తుంది. ఇక్కడ సులభమైనది పని కాదు, పరిస్థితి కష్టం వైపు జారిపోవడం. కాబట్టి ‘ఏ కాస్త తేడా వచ్చినా కష్టంగా మారవచ్చు’ అంటే ఆ భావం నిలుస్తుంది.

సహాయక క్రియా, క్రియావిశేషణమూ ఒకే స్థాయి సంభావ్యతను చెబుతూ జతకట్టడాన్ని భాషాశాస్త్రవేత్త జాన్ లయన్స్ 1977లో సామరస్యపు కలయికగా వర్ణించారు. ‘మే పాసిబ్లీ’ అటువంటి జంట. మన ‘బహుశా కష్టం కావచ్చు’లోనూ ఆ పొందికే ఉంది, ‘తప్పకుండా కష్టం కావచ్చు’ అన్నప్పుడు చెవికి తగిలే ఇబ్బంది ఆ పొందిక తప్పడం వల్ల కలిగేదే.

అయితే ‘కష్టమే కావచ్చు’ అంటే సరిపోదా అని మరొకరు అడిగారు. ఏవకారం, అంటే ‘కష్టమే’ చివరి ‘ఏ’, బలాన్నిస్తుందన్న మాట నిజమే గానీ, ఆ వాక్యం వినగానే మన మనసు ‘కానీ...’ అన్న మాట కోసం ఎదురుచూస్తుంది. ‘కష్టమే కావచ్చు, కానీ చేసి తీరాలి’ అన్నట్టు అది ఒప్పుకోలుగా వినిపిస్తుంది. ‘మే వెల్’ కూడా ‘బట్’ ముందు ఆ పని చేయగలదు కనుక, అటువంటి చోట ఈ అనువాదం చక్కగా అతుకుతుంది. ఒప్పుకోలు కాక అంచనా మాత్రమే ఉన్నచోట ‘కష్టమయ్యే అవకాశమే ఎక్కువ’ అన్నది మేలు. ఇక ‘కష్టమయ్యేలా ఉంది’ అనాలంటే కళ్లెదుట ఏదో ఆనవాలు ఉండాలి: తుప్పు పట్టి బిగుసుకుపోయిన మరను తిప్పి చూసినవారు ఆ మాట అనగలరు, ఫోనులో సంగతి విన్నవారు ‘కష్టమవుతుందేమో’ అని ఊరుకుంటారు.