కలెక్టర్ సెలవిచ్చారు, స్కూలు లింకు పంపింది: వాన సెలవు రోజు ఆన్‌లైన్ క్లాసు ఉండాలా?

నిజాంపేట_అమ్మ

మొన్న బుధవారం రాత్రి టీవీలో స్క్రోలింగ్ వచ్చింది, భారీ వర్షాల వల్ల రెండు రోజులు బడులకు సెలవని. మా చిన్నది (ఐదో తరగతి) మంచం మీద గంతులేసింది. పావుగంట కాకుండానే స్కూలు గ్రూపులో మెసేజ్: రేపు ఎనిమిదిన్నర నుంచి ఆన్‌లైన్ క్లాసులు, ఆరు పీరియడ్లు, యూనిఫాం వేసుకుని కూర్చోవాలి, అటెండెన్స్ తీసుకుంటాం.

మా ఇంట్లో ల్యాప్‌టాప్ ఒక్కటే, అదీ నా ఆఫీసుది. తొమ్మిదో తరగతి పెద్దోడికి నా ఫోన్ ఇచ్చాను. చిన్నదానికి వాళ్ళ నాన్న తన ఫోన్ ఇచ్చేసి ఆఫీసుకు వెళ్ళారు. సాయంత్రం వచ్చేటప్పుడు మియాపూర్ దగ్గర నీళ్ళల్లో గంటన్నర ఇరుక్కుపోయారు. మనిషి ఎక్కడున్నారో తెలీక ఇంట్లో మేం టెన్షన్‌తో చచ్చాం, ఫోనేమో ఇక్కడ డైనింగ్ టేబుల్ మీద ఛార్జింగ్‌లో ఉంది. ఇక పొద్దున పదకొండింటికే కరెంటు పోయి వైఫై ఆగితే, మేడమ్ ఆబ్సెంట్ వేస్తారని చిన్నది ఒకటే ఏడుపు.

నా ప్రశ్న ఇదే. సెలవంటే సెలవు కాదా? అలాగని ఊరికే వదిలేస్తే పొద్దస్తమానం ఫోనేనని నాకూ తెలుసు. మీ ఇళ్ళల్లో ఏం చేస్తున్నారు?

లెక్కల_టీచర్ని

తిట్లకు సిద్ధపడే రాస్తున్నా. ఒక ప్రైవేటు స్కూల్లో ఏడు నుంచి పది దాకా లెక్కలు చెబుతాను.

ముందు ఒక మాట. క్లాసు పెట్టకపోతే తొమ్మిదింటికల్లా ఫోన్లు మొదలవుతాయి, "అంతంత ఫీజులు కట్టేది సెలవులకా మేడమ్" అని. చేసేది తల్లిదండ్రులే. విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటి నుంచి ఐదు దాకా ఏడాదికి 200 రోజులు, ఆరు నుంచి ఎనిమిది దాకా 220 రోజులు బడి నడవాలి. వానల్లో పోయిన రోజుల్ని రెండో శనివారాల్లో పూడ్చబోతే దానికీ గొడవే.

రెండోది, ఎవరూ పట్టించుకోనిది. అమ్మానాన్నా ఇద్దరూ ఉద్యోగాలకెళ్ళే ఇళ్ళు మా క్లాసులో సగానికి పైనే. వాన సెలవు రోజు ఆ పిల్లలు ఫ్లాట్‌లో ఒంటరిగా ఉంటారు. కెమెరాలో వాడు నాకు కనిపిస్తాడు. పోయినేడు ఒక ఎనిమిదో తరగతి అబ్బాయి వెనకాల వంటింట్లోంచి పొగ వస్తుంటే ముందు చూసింది నేనే. పాలు పొయ్యి మీద పెట్టి క్లాసుకొచ్చి కూర్చున్నాడు. "వెళ్ళి స్టవ్ కట్టెయ్ నాన్నా, ఆ తర్వాత గిన్నె ముట్టుకోకు" అని చెప్పి, వాడు తిరిగొచ్చేదాకా పాఠం ఆపాను. క్లాసు లేకపోతే ఆ రోజు చూసేవాళ్ళెవరు?

బడి ఆగితే ఏమవుతుందో కోవిడ్‌లో చూశాం కదా. 2022 అసర్ సర్వేలో (పల్లె పిల్లల చదువు ఎలా ఉందో చూసే సర్వే) తెలంగాణలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్ళు 5 శాతం. 2018లో 18 శాతం ఉండేది.

సుద్దముక్క

టీచర్ గారూ, ఆ అంకె నాకూ గుర్తుంది. అయితే దాన్ని మీరు తిరగేసి పట్టుకున్నారేమో చూడండి. ఆ రెండేళ్ళలో ఆన్‌లైన్, టీవీ పాఠాలు పెట్టినా, అవి చిన్నపిల్లల దాకా చేరక వచ్చిన ఫలితం అది.

నేను ఖమ్మం జిల్లాలో సర్కారు బడి పంతుల్ని. 2020 సెప్టెంబరు 1 నుంచి మూడో తరగతి, ఆ పైవాళ్ళకు టీశాట్‌లో (రాష్ట్ర సర్కారు పాఠాల ఛానెల్), దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు మొదలయ్యాయి. ఆంధ్రాలో సప్తగిరి ఛానెల్లో విద్యావారధి అని వేశారు. పాఠాలు బాగానే ఉండేవి, కొన్ని నేను చెప్పేదానికంటే బాగుండేవి కూడా. మా పని ఇంటింటికీ తిరిగి పిల్లలు చూస్తున్నారా లేదా అని రాసుకోవడం. నేను వెళ్ళేసరికి టీవీ నడుస్తుండేది, పిల్లాడు పత్తి చేలో ఉండేవాడు. "చూస్తున్నాడు సార్" అనేది వాళ్ళమ్మ. నేనూ "చూస్తున్నాడు" అని రాసేవాణ్ణి.

ఒకటీ రెండూ తరగతులకు అదీ లేదు. అప్పుడు ఒకటిలో ఉన్న పిల్లలే 2022లో మూడుకొచ్చి మీ 5 శాతం లెక్కలో తేలారు.

నాకు పనిచేసింది ఒకటే. ఐదుగురు పిల్లల్ని కలిపి మామూలు కాన్ఫరెన్స్ కాల్. వీడియో లేదు, డేటా ఖర్చు లేదు, డబ్బా ఫోనైనా చాలు. రాత్రి ఏడున్నరకి చేసేవాణ్ణి, కూలికెళ్ళినవాళ్ళు ఇంటికొచ్చి ఫోను పిల్లల చేతికొచ్చే టైమది. మొదట "తిన్నావారా, ఏం కూర" అని అడిగేవాణ్ణి. కూర పేరు ఒకడు చెబితే మిగతా నలుగురు దాని స్పెల్లింగ్. గోంగూర, బెండకాయ దాకా ఇంగ్లీషులో చెప్పించాను. పావుగంటలో అయిపోయేది. మర్నాడు నేను చేయకపోతే వాళ్ళే మిస్డ్ కాల్ ఇచ్చేవాళ్ళు.

ఇంకోటి. 2020 జులైలో కేంద్రం ప్రజ్ఞత పేరుతో మార్గదర్శకాలు ఇచ్చింది. ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు రోజుకు రెండు ఆన్‌లైన్ క్లాసులు మించకూడదు, ఒక్కోటి 30 నుంచి 45 నిమిషాలు. కోవిడ్ రోజుల్లోనే రెండన్నారు. నాలుగు చినుకులకు ఐదో తరగతి పిల్లకు ఆరు పీరియడ్లా?

బుడమేరు_పక్కన

మాది విజయవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు వాగు పొంగి మా మీద పడిన రోజు. అది సెలవూ కాదు, స్కూలు మూసివేతా కాదు. ఇంట్లో చిక్కుకుపోవడం అంటే ఏంటో అప్పుడు తెలిసింది.

కింద పోర్షన్ మునిగింది. మొదటి అంతస్తులో మేం, కిందివాళ్ళు, మొత్తం పదకొండు మంది. కరెంటు లేదు, కుళాయి లేదు. మావాడు అప్పుడు నాలుగో తరగతి. తొలి రోజంతా పిట్టగోడ పట్టుకుని నీళ్ళు చూస్తూనే ఉన్నాడు, రాత్రి నిద్రపోలేదు. "ఇంకా వస్తాయా" అని పది నిమిషాలకోసారి అడిగేవాడు. నాకు మాత్రం ఏం తెలుసు?

మా మెట్లు 14. కింది పోర్షన్ తాతగారు వాడి చేతికి సుద్దముక్క ఇచ్చి, "నీళ్ళు ఎన్నో మెట్టు దాకా ఉన్నాయో గోడ మీద గీత గీసి టైము రాయి, తెల్లారి మళ్ళీ చూద్దాం" అన్నారు. ఆదివారం రాత్రి తొమ్మిదో మెట్టు. సోమవారం పదో మెట్టు. అంతే, వాడికి పని దొరికింది. పొద్దున ఆరింటికి, సాయంత్రం ఆరింటికి గీత. నీళ్ళు ఎదురింటి స్కూటర్ హ్యాండిల్ దాకా ఉంటే ఎన్నో మెట్టు, దాటితే ఎన్నో మెట్టు, అంతా లెక్క. మెట్ల దగ్గరికి పెద్దవాళ్ళు లేకుండా వెళ్ళకూడదన్నది తాతగారి షరతు. పాములు కొట్టుకొస్తున్నాయి మరి.

ఫోన్లు ఆపేసి, సాయంత్రం ఏడింటికి ఒక్కటి పది నిమిషాలు ఆన్ చేసేవాళ్ళం. గుంటూరులో ఉన్న మా చెల్లి ద్వారా మావాడి క్లాస్ టీచర్‌కి ఆ సంగతి తెలిసింది. బుధవారం సరిగ్గా ఏడుకి ఫోన్ చేశారావిడ. పాఠం లేదు, హోంవర్క్ లేదు. "ఎన్నో మెట్టు రా" అని అడిగారు. మావాడు నోట్‌బుక్ తెచ్చి చదివి వినిపించాడు. మర్నాడు ఏడు ఎప్పుడవుతుందా అని కూర్చున్నాడు.

డ్రోన్‌తో పులిహోర పొట్లాలు వేశారని ఊరంతా చెప్పుకున్నారు, నిజమే, మాకూ పడ్డాయి. కానీ మావాడు ఇప్పటికీ చెప్పేది ఆ ఫోను గురించే. గోడ మీద గీతల్ని సున్నం వేసినప్పుడు కూడా చెరపనివ్వలేదు.

పదో_తరగతి_2020

అక్కా, చదువుతుంటే ఒళ్ళు జలదరించింది.

నేను 2020 టెన్త్ బ్యాచ్. తెలంగాణలో మూడు పేపర్లు రాశాం, మిగతావి రద్దు చేసి అందరినీ పాస్ చేశారు. ఇప్పటికీ చుట్టాలు "పరీక్ష రాయకుండా పాసైనోళ్ళు" అనే అంటారు. ఇంటర్ మొదటి ఏడాది చాలావరకు ఫోన్లోనే.

టీచర్ గారికి ఒక సంగతి చెప్పాలి. మీరు కెమెరా ఆన్ చేయమంటారు. మాది ఒకే గది ఇల్లు. వెనక మా నాన్న బనీనుతో పడుకుని ఉండేవాడు, పని పోయి మూడు నెలలు. పక్కన అమ్మ బట్టలు మడతపెట్టేది. నేను కెమెరా పెడితే అరవై మంది మా ఇల్లు చూస్తారు. అందుకే నెట్ లేదని అబద్ధం చెప్పి ఆఫ్ చేసేవాణ్ణి, రోజూ తిట్లు తినేవాణ్ణి. పొగ కనిపించింది, సంతోషం. మిగతావన్నీ కూడా కనిపిస్తాయి కదా మేడమ్.

ఆ ఏడాది నేను మునిగిపోకుండా ఉన్నానంటే, రాత్రి తొమ్మిదింటికి మేం నలుగురు ఫ్రెండ్స్ కాల్ కలుపుకునేవాళ్ళం. మాట్లాడేది తక్కువ. ఎవడి పుస్తకం వాడిది, ఫోను స్పీకర్లో. పేజీ తిప్పిన చప్పుడు, ఎవరింట్లోనో కుక్కర్ విజిల్. పెద్దవాళ్ళకి ఆ కాల్ "టైం వేస్ట్".

నోయిడా_నాన్న

మీరంతా వాన గురించి మాట్లాడుతున్నారు, రెండు రోజుల్లో తెరిపిస్తుంది. ఢిల్లీ చుట్టుపక్కల మాకు నవంబరు వస్తే గాలి. 2024 నవంబరు 18 నుంచి ఢిల్లీ బడుల్ని ఆన్‌లైన్‌కి మార్చారు, మా వైపూ అదే కథ. కిటికీ కూడా తీయలేం. అలాంటప్పుడు ఆన్‌లైన్ వద్దంటే కుదరదు. వాన రోజుకూ, వారాల తరబడి మూసివేతకూ ఒకే రూలు పెట్టకండి.

ఇంకా, ఇలాంటి చర్చల్లో ఎవరో ఒకరు వామనగుంటలు, అష్టాచెమ్మా అంటారు. కొనిపెట్టానండీ. రెండో రోజుకే చింతగింజలు సోఫా కింద, వామనగుంటల పీట అలమర పైన. మా పాపకు పట్టుకున్నది వేరు. తెనాలిలో మా అమ్మ రోజూ నాలుగింటికి ఫోన్ చేసి ఒక పొడుపు కథ వేస్తుంది, జవాబు మర్నాడే. "అమ్మ కడుపున పడ్డాను, అంత సుఖాన ఉన్నాను, నీచే దెబ్బలు తిన్నాను, నిలువున ఎండిపోయాను." పిడక. పిడక అంటే ఏంటో, గోడకు ఎందుకు కొడతారో చెప్పేసరికి అరగంట పట్టింది. జవాబు తెలుగులోనే రాసి ఫోటో పెట్టాలని మా అమ్మ రూలు, ఆ దెబ్బకు గుణింతాలు వచ్చేశాయి.

లెక్కల_టీచర్ని

పదో తరగతి తమ్ముడూ, కెమెరా మాట నాకు తగిలింది. ఇకనుంచి ఆఫ్ చేసుకుంటే అడగను. పేరు పిలిస్తే పలకమంటాను, అంతే.

సుద్దముక్క మాస్టారూ, మీ ఏడున్నర ఫోను బాగుంది. మీకు ఎంతమంది? నాకు నాలుగు సెక్షన్లు, 160 మంది. కాల్ చేయమంటే రాత్రి పన్నెండవుతుంది. సెలవు రోజు ఆరు పీరియడ్లు పెట్టాలని మాకేం సరదా కాదు. క్లాసు తీసుకున్నట్టు స్క్రీన్‌షాట్ పంపకపోతే ఆ రోజు జీతం కట్. నేను లోపల గదిలో మీ పిల్లలకు వర్గమూలాలు చెబుతుంటే, మా రెండో తరగతివాడు బయట గదిలో ఎవడూ చూడక ఒక గేమ్‌లో నా కార్డు నుంచి 1,800 పోగొట్టాడు. అప్పుడు వాణ్ణి చూసే టీచరు ఎవరు? వాడి స్కూలు ఆ రోజు సెలవిచ్చింది లెండి.

సుద్దముక్క

24 మంది అమ్మా. మీ 160 ముందు నేను మాట్లాడటం న్యాయం కాదు, ఒప్పుకుంటా. అయితే ఆరు పీరియడ్ల బదులు ఆరుగురు టీచర్లూ పిల్లల్ని పంచుకుని తలా పాతికమందిని పలకరిస్తే? మేనేజ్‌మెంట్ దానికి స్క్రీన్‌షాట్ అడగదు, అదే చిక్కు.

రిటైర్డ్_రెవెన్యూ

పాఠాల సంగతి మీరు తేల్చుకోండి. ఉద్యోగంలో ఉండగా వాన సెలవుల్లో నేను రాసిన పంచనామాలు క్లాసు ఎగ్గొట్టినవాళ్ళవి కావు, చెరువు అలుగు చూద్దామని వెళ్ళినవాళ్ళవి. పిల్లలు దూరంగా ఉండాల్సినవి మూడు చెప్తా. అపార్ట్‌మెంట్ సంప్ మూత. తడిసిన కరెంటు స్తంభం, దాన్ని లాగిపట్టే స్టే వైరు. క్వారీ గుంత. సెలవని తెలిసిన రాత్రే పిల్లలకు ఈ మూడూ చెప్పండి. పిల్లలు ఒంటరిగా ఉండేట్టయితే 1098 (చైల్డ్‌లైన్, ఆపదలో పిల్లలు ఫోన్ చేసే నంబరు) గోడ మీద పెద్దగా రాసి పెట్టండి. మనసు బాగోక ఇబ్బందిపడే పెద్ద పిల్లలుంటే 14416, టెలీ మానస్, తెలుగులోనే మాట్లాడతారు.

నిజాంపేట_అమ్మ

అందరికీ థాంక్స్. మా బ్లాక్‌లో అదే స్కూలు తల్లులం నలుగురం కలిసి ప్రిన్సిపల్‌కి రాశాం, ఐదు దాకా అటెండెన్స్ తీసేయండి, అరగంట ఒక్కటే క్లాసు చాలు, అదీ కబుర్లకే అని. "మేనేజ్‌మెంట్ దృష్టికి తీసుకెళ్తాం" అని జవాబు. అంటే ఏంటో మీకు తెలుసు.

శుక్రవారం మేం నలుగురం పిల్లల్ని పంచుకున్నాం. ఒక్కో ఇంట్లో రెండు గంటలు, ఏడుగురు పిల్లలు. మా ఇంట్లో మిర్చి బజ్జీలు, రెండో ఇంట్లో క్యారమ్స్, మూడో ఇంట్లో కొట్లాట, నాలుగో ఇంట్లో నిద్ర. చిన్నది ఒక్క క్లాసుకు కూడా వెళ్ళలేదు, ఆబ్సెంట్ పడింది, ఏడవలేదు. పెద్దోడు మాత్రం నాలుగు పీరియడ్లు కూర్చున్నాడు, తొమ్మిదో తరగతి కదా అని వాడే అన్నాడు. దాని మీద నాకింకా ఏ అభిప్రాయమూ లేదు.

ఇప్పుడే మెసేజ్ వచ్చింది, రేపూ సెలవట. దాని కిందే లింకు.

రిటైర్డ్_రెవెన్యూ

సంప్ మూత చూశారా లేదా, అది చెప్పలేదు మీరు.

నిజాంపేట_అమ్మ

ఇప్పుడే వాచ్‌మన్‌ని పిలిచానండీ. మూత పగిలి ఉందట, పైన అట్టపెట్టె కప్పారట. వెళ్తున్నా.